పాలమూరు, నల్లగొండ దారులకు బెల్టు సైకిలు తగునా?

మెట్టుగడ్డ టీచరు

రోజూ కొలువుకు వెళ్లిరావడానికి ఏ సైకిలు మంచిదని గత వారం ఈ చర్చావేదికలో ఒకరు అడిగితే, చెయినుకు బదులు బెల్టు ఉన్న సైకిలును కూడా చూడమని ఒక్క వాక్యం రాశాను. "అది అద్దంలాంటి రోడ్లున్న దేశాల సరుకు, మన మొరం బాటల మీద ఆరు నెలలు కూడా ఆగదు" అని గడియారం చౌరస్తా గారు జవాబిచ్చారు. నేను మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ నుంచి జడ్చర్ల దిక్కున్న ఒక ఊరి బడికి రానుపోను 22 కిలోమీటర్లు బెల్టు సైకిలు మీదనే వెళ్తున్నాను. రెండు వానకాలాలు, రెండు ఎండకాలాలు గడిచాయి కనుక ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

జర్మనీ నుంచి తిరిగివచ్చిన ఒక కుటుంబం హైదరాబాదులో అమ్మకానికి పెట్టినప్పుడు దీన్ని కొన్నాను. బెల్టు అనగానే గిర్నిలోని పట్టాను ఊహించుకోవద్దు. ఇది పాలీయూరిథేన్‌లో కార్బన్ నార తాళ్లను పొదిగి, లోపలివైపు 11 మిల్లీమీటర్లకు ఒక పన్ను చొప్పున పోసిన అతుకులేని వలయం. నా బెల్టుకు 118 పళ్లు, ముందు పళ్ల చక్రానికి 50, వెనక దానికి 24. బెల్టు పక్కకు జరగలేదు కాబట్టి బయట మెట్లుమెట్లుగా ఉండే గేర్లు దీనికి పనికిరావు. అందుకే 8 గేర్లూ వెనక చక్రం నడుమ ఉండే హబ్బు లోపలే ఉంటాయి. నా హబ్బు షిమానో కంపెనీ నెక్సస్ రకం. అన్నిటికంటే తేలిక గేరులో పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.4 మీటర్లు, అన్నిటికంటే బరువు గేరులో సుమారు 7.4 మీటర్లు పోతుంది. వైశాఖంలో ఎదురుగాలి కొట్టే సాయంత్రాలు ఆ 2.4 మీటర్ల విలువ ఏమిటో నాకు తెలుసు.

ఈ రెండేళ్లలో బెల్టుకు నూనె చుక్క వేయలేదు, వేయకూడదు కూడా. వానకాలంలో మట్టి పట్టితే చెంబెడు నీళ్లు పోస్తాను. మార్చి నెలలో ఎర్రదుమ్ము ఎక్కువైతే కీచుమని చప్పుడు వస్తుంది. కడిగితే పోతుంది, పోకపోతే కాస్త సిలికాన్ స్ప్రే కొడతాను. బిగువు చూడటానికి బెల్టును తంబూరా తీగలా మీటి ఫోను దగ్గర పెడితే, ఆ మోత ఎన్ని హెర్ట్జులో, అంటే సెకనుకు ఎన్నిసార్లు అదురుతోందో, యాప్ చెబుతుంది. నేను 40కీ 50కీ మధ్య ఉంచుతాను. పెడలు బిగించే క్రాంకును పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే పళ్ల చక్రం ఏ కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా ఒకచోట బిగువు ఎక్కువ, ఒకచోట తక్కువ చూపిస్తుంది. మెయింటెనెన్స్ అంటే ఇంతే. మెకానిక్ అవసరం పడలేదు. కొనగలిగినవారు దీన్ని తప్పక పరిశీలించాలన్నదే నా మాట.

గడియారం చౌరస్తా

టీచరమ్మ గారూ, మీరు శ్రద్ధగా రాశారు, కానీ అసలు సంగతిని వదిలేశారు. మా జిల్లాలో సైకిలుకు వచ్చే మొదటి రోగం పంక్చరు. పానగల్లు దారిలో పల్లేరుకాయలు, కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు. మామూలు సైకిలుకు వెనక చక్రం ఊడదీయాలంటే రెండు నట్లు చాలు. మీ సైకిలుకు మొదట వెనక హబ్బు దగ్గర గేరు వైరు విడదీయాలి, బ్రేకు చెయ్యి విప్పాలి, నట్లు వదులు చేయాలి, బెల్టును నలగకుండా తప్పించాలి, మళ్లీ ఎక్కించేటప్పుడు చక్రం ఒంకర పోకుండా బిగువు కుదర్చాలి. దారిలో ఎండకు నిలబడి ఈ పని ఎవరు చేస్తారు? మా నాయన నల్లగొండలో 31 ఏళ్లు సైకిలు దుకాణం నడిపాడు. ఈ లెక్క నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

మిర్యాలగూడ మిల్లు

మా మిల్లులో పట్టాలు జారడం రోజూ చూస్తున్నాను. బరువు పడితే ఏ పట్టా అయినా జారుతుంది. చెయిను జారదు. ఇందులో వాదించడానికి ఏముంది?

మొరం బాట

మిల్లు గారూ, మీ పట్టా నున్నటిది, రాపిడి మీద తిరుగుతుంది. ఇది కారు ఇంజనులోని టైమింగ్ బెల్టు వంటిది, పన్ను పన్నులో కూర్చుంటుంది. హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లు చాలావరకు 1980ల నుంచి పళ్ల బెల్టు మీదనే నడుస్తున్నాయి. మన రోడ్ల మీది ఏథర్ 450 స్కూటర్లలోనూ అదే ఉంది. కాబట్టి బలం గురించి అనుమానం వద్దు.

అయితే టీచరు గారు చెప్పనివి మూడు ఉన్నాయి. బిగువు తక్కువై, ఎక్కుడులో గట్టిగా తొక్కినప్పుడు బెల్టు ఒక పన్ను దాటి దూకిందంటే, పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపలి కార్బన్ తాళ్లు దెబ్బతిని ఉండవచ్చు. బెల్టును మెలిపెట్టినా, మడిచినా, స్క్రూడ్రైవరుతో ఎగదోసి ఎక్కించినా అదే గతి. ఇక మన మొరంలోని గట్టి రాయి ఒకటి బెల్టుకూ పళ్ల చక్రానికీ మధ్య చిక్కుకుంటే తాడు తెగే ప్రమాదం ఉంటుంది. చెయిను ఒక లింకు తెగితే ఆ లింకు మారుస్తాం. బెల్టుకు లింకులు లేవు, తెగితే మొత్తం పోయినట్లే.

పిల్లలమర్రి నీడ

ధర చెప్పండి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

మెట్టుగడ్డ టీచరు

పిల్లలమర్రి నీడ గారికి: కొత్త బెల్టు ఒకటి ముందుజాగ్రత్తగా తెప్పించుకున్నాను. దానికి 7 వేల పైచిలుకు అయింది, చేరడానికి 23 రోజులు పట్టింది. ఇందులో దాచడానికి ఏమీ లేదు, ఖరీదైనదే.

మొరం బాట గారు చెప్పిన మూడూ నిజమే. అందుకే మొరం పరిచిన చోట దిగి, బెల్టును ఒకసారి కంటితో చూసుకునే అలవాటు చేసుకున్నాను.

చౌరస్తా గారికి మాత్రం ఒక ప్రశ్న. 31 ఏళ్ల దుకాణం చూసినవారు మీరు. పంక్చరు వేయడానికి మన దగ్గర ఏ మెకానిక్ అయినా వెనక చక్రం ఊడదీస్తాడా? సైకిలును పక్కకు పడుకోబెట్టి, టైరును ఒక వైపు నుంచి లేపి, ట్యూబును బయటకు లాగి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వచ్చిన చోట గీరి ముక్క అంటిస్తాడు. చక్రం ఉన్నచోటే ఉంటుంది. నాకు రెండేళ్లలో 9 పంక్చర్లు అయ్యాయి, అన్నీ అలాగే వేయించాను, బెల్టును ఎవరూ ముట్టుకోలేదు.

గడియారం చౌరస్తా

ముక్క వేసే పంక్చరుకు చక్రం ఊడదీయనవసరం లేదని నాకు తెలియదా? నేను అడిగింది ట్యూబు మార్చవలసి వచ్చినప్పటి సంగతి. వాల్వు మొదట్లో చిరిగితే ముక్క నిలవదు. టైరు అంచు తీగ తెగితే టైరే మార్చాలి. అప్పుడు చక్రం దిగాల్సిందే. దీనికి జవాబు చెప్పండి.

మెట్టుగడ్డ టీచరు

అది రెండేళ్లలో ఒక్కసారి జరిగింది, వాల్వు దగ్గరే చిరిగింది. చేసింది నేనే. గేరును ఒకటిలో పెట్టి వైరు కొసను హబ్బు నుంచి తప్పించాను, బ్రేకు చెయ్యిని ఫ్రేముకు పట్టి ఉంచే మరను తీశాను, 15 నంబరు పానాతో రెండు నట్లూ వదులు చేసి చక్రాన్ని ముందుకు తోశాను. బెల్టు దానంతట అదే వదులై చేతికి వచ్చింది. కొత్త ట్యూబు వేశాక చక్రాన్ని వెనక్కి జరిపాను. బిగువు మరలు ఎన్ని చుట్లు తిప్పానో లెక్క పెట్టుకున్నాను కాబట్టి పాత చోటికే వచ్చింది. చివరకు గేరును నాలుగులో పెట్టి, హబ్బు మీది రెండు గీతలు ఒకే వరుసలోకి వచ్చాయో లేదో చూసి వైరును సరిచేశాను. మొత్తం 40 నిమిషాలు. రెండోసారి అయితే 25 చాలు.

గడియారం చౌరస్తా

నలభై నిమిషాలు! మా నాయన పూర్తి చెయిన్ కవరున్న నల్ల సైకిలు చక్రాన్ని పదిహేను నిమిషాల్లో దించి ఎక్కించేవాడు.

చల్క నేల

అన్నా, అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. దేవరకద్ర దగ్గర మా ఇంట్లో తాతగారి నల్ల సైకిలు ఉంది. దానికి బెల్టు వేయించవచ్చా? వెల్డింగు చేసే మనిషి మా ఊళ్లోనే ఉన్నాడు.

మొరం బాట

తమ్ముడూ, ఆ పని చేయించవద్దు. బెల్టుకు అతుకు ఉండదు, విప్పడానికి వీలుండదు. చెయిను అయితే ఒక లింకు తీసి ఫ్రేము సందులోంచి దూర్చి మళ్లీ కలుపుతాం. బెల్టు వెనక త్రికోణంలోకి వెళ్లాలంటే ఫ్రేము ఒకచోట తెరుచుకోవాలి. బెల్టు సైకిళ్లలో సీటు నుంచి ఇరుసుకు దిగే గొట్టంలోనో, ఇరుసు పట్టే ముక్క దగ్గరో మరలతో బిగించే కోత ఒకటి ముందే పెట్టి చేస్తారు. మీ వెల్డింగు మనిషి ఆ గొట్టాన్ని కోయగలడు, కానీ కోసిన చోట బిగువు మళ్లీ తేలేడు. తొక్కినప్పుడు ఫ్రేము వెనక భాగం ఏ కొంచెం వంగినా బెల్టు పన్ను దాటుతుంది. పైగా ముందు, వెనక పళ్ల చక్రాలు ఒకే గీత మీద ఉండాలి. చెయిను కొంత వంకరను ఓర్చుకుంటుంది, బెల్టు అంతగా ఓర్చుకోదు. తాతగారి సైకిలును కోయకండి.

గడియారం చౌరస్తా

ఇదే నేను మొదటి నుంచీ చెబుతున్నది. మన ఇళ్లలో ఉన్న సైకిళ్లకు పనికిరాని వస్తువును మంచిదంటే ఎలా? రోలరు చెయినును హాన్స్ రెనాల్డ్ 1880లో తయారుచేశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అది నిలిచిందంటే దానిలో బలం ఉన్నట్లే. చెయినును చూసుకోవడం కూడా బ్రహ్మవిద్య కాదు. పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం కాబట్టి 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. స్కేలు పెట్టి కొలవండి. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే రెండు వందల రూపాయలతో కొత్త చెయిను వేయండి, పళ్ల చక్రాలు పాడు కావు. పూర్తి చెయిన్ కవరు ఉంటే దుమ్ము పడదు, బట్టలకు నూనె అంటదు. మా నాయన వేసిన చెయిన్లు ఏళ్ల తరబడి నడిచాయి. దారిలో చెయిను ఊడి పడిందంటే అది చెయిను తప్పు కాదు, వదులైందని తెలిసీ చూసుకోకుండా నడిపినవారి తప్పు.

మెట్టుగడ్డ టీచరు

ఆ చివరి వాక్యాన్ని మీరు నా కోసమే రాశారో లేదో నాకు తెలియదు, కానీ జవాబు చెప్పకుండా ఉండలేను.

బెల్టు సైకిలు కొనక ముందు నాకూ మీరు మెచ్చుకున్న పూర్తి చెయిన్ కవరున్న సైకిలే ఉండేది. చెయిను బిగించింది నేను కాదు, ఒక మంచి దుకాణంలో, అంతకు పది రోజుల ముందు. ఆగస్టులో ఒక సాయంత్రం ఆరు దాటాక, వాన పడుతుండగా, గుంతలో చక్రం దిగినప్పుడు ఆ కవరు లోపలే చెయిను జారి ఫ్రేముకూ పళ్ల చక్రానికీ మధ్య ఇరుక్కుంది. పెడలు ముందుకూ తిరగదు, వెనక్కీ తిరగదు. చెయిను కంటికి కనిపించదు, ఎందుకంటే కవరు ఉంది. కవరు విప్పే మరలకు తుప్పు పట్టింది. సైకిలు వెనక భాగాన్ని కొంతసేపు ఎత్తి పట్టుకుంటూ, కొంతసేపు ఈడుస్తూ దగ్గరి దుకాణానికి చేరాను.

మెకానిక్ మర్యాదస్తుడు, పని పది నిమిషాల్లో చేశాడు. కానీ నా వంతు వచ్చేదాకా ఆ తడి బట్టలతో అరగంట పైగా నిలబడ్డాను. అక్కడ చేరినవాళ్లు ఏ ఊరు, ఎవరి ఇంటి మనిషివి, ఇంత పొద్దుపోయి ఎక్కడి నుంచి వస్తున్నావు, స్కూటీ కొనుక్కోరాదా అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఒకతను నేను బయలుదేరాక రెండు కిలోమీటర్లు బండి మీద నా వెనకే వచ్చాడు. ఆ పది నిమిషాల మరమ్మతు మీకు పది నిమిషాలే. నాకు అది ఇంట్లోవాళ్లు "ఇక సైకిలు చాలు" అనే దాకా వెళ్లిన వ్యవహారం. బెల్టు కొన్నది నూనె మరకల కోసం కాదు. ఇంటి దగ్గర, వెలుతురులో, నా చేతులతో, నా సమయంలో సరిచేసుకోగలిగిన సైకిలు కావాలని కొన్నాను. నలభై నిమిషాలు పట్టనివ్వండి.

పిల్లలమర్రి నీడ

టీచరు గారు చెప్పినది మా చెల్లెలి విషయంలోనూ జరిగింది. ఆమె సైకిలు మానేసింది.

మిర్యాలగూడ మిల్లు

చున్నీ చక్రంలో చిక్కుకునే సంగతి కూడా చూడండి. బెల్టుకైనా కవరు ఉండాలి.

మెట్టుగడ్డ టీచరు

అవును, ఉండాలి. ముందు పళ్ల చక్రం మీద కవరు ఉంది, వెనక చక్రం ఊచలకు అడ్డుగా రెండు వైపులా వల కట్టించాను.

గడియారం చౌరస్తా

ఆ వాక్యం మీ గురించి రాయలేదు, అయినా రాయకుండా ఉండవలసింది. మీకు జరిగినది చదివాక అది ఎలా వినిపిస్తుందో అర్థమైంది. క్షమించండి.

నాకు ఎందుకు కోపం వచ్చిందో కూడా చెప్పనివ్వండి. మీ మొదటి టపాలో "మెకానిక్ అవసరం పడలేదు" అన్న మాట ఉంది. ఆ మాటను నేను నాలుగైదుసార్లు చదివాను. మా నాయన దుకాణం వేపచెట్టు కింద నాలుగు రేకులు. గోడ ఒక్కటే. ఎవరి సైకిలు వచ్చినా విప్పగలిగేవాడు, ఎందుకంటే అన్ని సైకిళ్లకూ అవే నట్లు, అవే బేరింగు గోళీలు, అదే అర అంగుళం చెయిను. తర్వాత కొత్తరకం గేర్ల సైకిళ్లు వచ్చాయి. వాటి సామాను కోసం హైదరాబాదు వెళితే, ఒక పెద్ద షాపువాళ్లు తమ డీలర్లకు తప్ప బయటివారికి అమ్మబోమన్నారు. ఆ సైకిళ్లు తెచ్చినవాళ్లకు "నా వల్ల కాదు" అని చెప్పి పంపవలసి వచ్చిన రోజులు నేను చూశాను. 31 ఏళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. దుకాణం మూసింది చేతకాక కాదు, సామాను దొరకక.

మీ బెల్టు అదే దారిలో ఇంకో అడుగు. మీరు దుకాణం ముందు నిలబడటం తప్పింది, సంతోషమే. కానీ ఇప్పుడు 23 రోజులు కొరియరు కోసం నిలబడుతున్నారు. ఊళ్లో ఉన్న మనిషి మీద ఆధారపడటం పోయి, ఎక్కడో ఉన్న ఒక కంపెనీ మీద ఆధారపడటం వచ్చింది.

మెట్టుగడ్డ టీచరు

మీ నాయనగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాకు మెకానిక్ అవసరం పడలేదన్నది నిజం. మెకానిక్‌లే వద్దని నా ఉద్దేశం కాదు. నా 9 పంక్చర్లూ వేసింది వాళ్లే.

కొరియరు మాట కూడా ఒప్పుకుంటాను. అందుకే రెండో బెల్టు ఇంట్లో ఉంది. మడవకూడదు కాబట్టి అటక మీద పిండి జల్లెడలో గుండ్రంగా కూర్చోబెట్టాను. కానీ 23 రోజులు ఎదురుచూడటం ఇంట్లో కూర్చుని చేసే పని. అది నేను భరించగలను. రోడ్డు మీద అరగంట భరించలేను. ఈ రెండింటినీ మీరు ఒకే త్రాసులో తూస్తున్నారు, అక్కడే మన తగాదా.

గడియారం చౌరస్తా

అక్కడే. అయితే మీలాంటివారికి ఆ 7 వేలు ఉన్నాయి. బడికి నడిచి వచ్చే మీ పిల్లల తల్లిదండ్రులకు లేవు. కొనగలిగినవారు వెళ్లిపోతే చెట్టు కింది దుకాణానికి గిరాకీ పోతుంది, రెండు వందల చెయిను కొనేవాడికి కూడా మెకానిక్ దొరకడు. నేను భయపడేది దానికి.

మొరం బాట

ఇద్దరూ అడగని ఒక విషయం మిగిలింది. టీచరు గారూ, రెండేళ్లు అయింది కదా, హబ్బుకు నూనె పెట్టించారా? బెల్టుకు అక్కరలేదు, లోపలి గేర్లకు కావాలి. షిమానో హబ్బులకు రెండేళ్లకోసారైనా లోపలి భాగం తీసి నూనెలో ముంచాలి. అది మీరు రాసిన మెయింటెనెన్స్‌లో లేదు.

మెట్టుగడ్డ టీచరు

లేదు. పెట్టించలేదు. హైదరాబాదులో ఒక షాపును అడిగితే సైకిలును పది రోజులు వదిలి వెళ్లమన్నారు. మొన్నటి నుంచి మూడో గేరు నుంచి నాలుగుకు మారేటప్పుడు ఒక టిక్కు వినిపిస్తోంది. మొదటి టపాలో ఇది రాయవలసింది.

గడియారం చౌరస్తా

మా నాయన ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సైకిళ్ల స్టర్మీ ఆర్చర్ 3 గేర్ల హబ్బులు విప్పేవాడు. వాటికి పైననే చిన్న మూత ఉండేది, అందులో నాలుగు చుక్కలు వేస్తే చాలు. మీ నెక్సస్ బొమ్మలు తీసి ఆయనకు చూపించాను. ఎడమవైపు నట్టు, బేరింగు గోళీలను పట్టి ఉంచే కోను తీస్తే లోపలి యంత్రం మొత్తం ఒకే ముద్దగా కుడివైపుకు వస్తుందని, గేర్లను ఒక్కొక్కటిగా విప్పనవసరం లేదని వెంటనే పట్టుకున్నాడు. కళ్లు కొంచెం తగ్గాయి, చేతులు బాగున్నాయి. పానాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి. బెల్టు గురించి నా అభిప్రాయం మారలేదు, మారదు. హబ్బు వేరే సంగతి. బస్సు మీద వేసుకుని నల్లగొండ తీసుకురండి.

మెట్టుగడ్డ టీచరు

తెస్తాను, ఒక్క షరతు. కోను విప్పేది, మళ్లీ బిగించేది నేను. ఆయన పక్కన కూర్చుని చెప్పాలి.

గడియారం చౌరస్తా

అడిగాను. గోళీలు కింద పడితే దొర్లకుండా తెల్లబట్ట ఒకటి తెచ్చుకొమ్మన్నాడు.